ఫోటోలో నేను కోసేసిన తొవ్వ

మంచు అడిగేవాళ్లకు

ఈ మధ్య మా గోదావరిఖనిలో కెమెరా పట్టిన పిల్లలు ఎక్కువయ్యారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో బండ్లేసుకుని ఊరి చుట్టూ తిరుగుతుంటారు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లోంచి తవ్విపోసిన మట్టి గుట్టలెక్కుతారు, గోదావరి ఒడ్డున బోర్లా పడుకుని పవర్‌హౌస్ పొగగొట్టాలు తీస్తారు, తీరిక దొరికితే రామగిరి ఖిల్లా దాకా పోయి వస్తారు. సొంత ఊరిని కాలినడకన చూడాలనే ఆ పిచ్చి నాకూ ఉండేది కాబట్టి వాళ్లంటే నాకు ఇష్టమే. చలికాలం రాగానే మాత్రం అందరూ వచ్చి ఒకటే మాట అడుగుతారు.

"అన్నా, మంచు ఏడ మంచిగ పడ్తది?"

నేను జవాబు చెప్పను. ముసలాయన మంచి జాగాలు దాచుకుంటున్నాడని వెనక అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. నేను నిజంగానే ఒకటి దాచాను, పదేళ్లకు పైగా దాచాను. అదేమిటో ఇక్కడ రాస్తాను. ఎన్ని పెళ్లిళ్లు తీశాను, ఏ కెమెరా ఎప్పుడు కొన్నాను, ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు రాయను. వాటివల్ల మీకు పైసా ఉపయోగం లేదు. ముప్పై అయిదేళ్లు ఈ ఊళ్లో ఫోటోలు తీసి నేను నేర్చుకున్నది ఒక్క ఫోటోలో ఉంది. అది కూడా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ప్రసాదరావు గారి మూడు వేళ్లు

నాకు పని నేర్పింది ప్రసాదరావు గారు. కోస్తా నుంచి వచ్చి చౌరస్తా దగ్గర స్టూడియో పెట్టిన మనిషి. మా నాయన బాయిలో, అంటే బొగ్గు గనిలో, పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపేవాడు. పదో తరగతి తప్పి నేను కూడా బాయికే పోతానంటే ఆయన ఒప్పుకోలేదు. "గా చీకట్ల పని నాతోనే ఆఖరు కావాలె" అని నన్ను తీసుకెళ్లి ప్రసాదరావు గారికి అప్పజెప్పాడు. స్టూడియోలో ప్రసాదరావు గారు నన్ను పెట్టింది ఫోటోలు కడిగే చీకటి గదిలో, డార్క్‌రూమ్‌లో. మా నాయన ఆ గది చూసి చాలాసేపు నవ్వాడు.

ప్రసాదరావు గారికి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, కన్ను మాత్రం గట్టిది. ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే మూడు వేళ్లు అడ్డంగా ఫోటో కింది అంచు మీద పెట్టేవాడు.

"ఇక్కడిదాకా అంతా చెత్తే కదటయ్యా సమ్మయ్యా. కోసెయ్."

ఆయన చెప్పింది తప్పు కాదు. మా ఊళ్లో ఎక్కడ నిలబడి ఫోటో తీసినా కింద ఏదో ఒకటి పడేది. బొగ్గు బురద, మురుగు మోరీ, తెగిన చెప్పు, తుప్పు పట్టిన రేకు. పెళ్లివారు ఇవి చూడ్డానికి రారు. కింద మూడు వేళ్ల మందం కోసేస్తే మా ఊరు కూడా బాగానే కనిపించేది. నేను ఆ విద్య ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టే చెక్క మీద ఆ మూడు వేళ్ల కొలతకు పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నాను. తర్వాత్తర్వాత ఫోటో చూడకుండానే చెయ్యి ఆ గీత దగ్గరికి పోయేది.

ఆయన తర్వాత స్టూడియో నాకొచ్చింది. దాంతోపాటు బొగ్గు కంపెనీ ఫోటోల పని కూడా వచ్చింది. రిటైర్మెంటు సభలు, సేఫ్టీ వారోత్సవాలు, పెద్ద అధికారులు వచ్చినప్పుడు దండలు, అప్పుడప్పుడు ప్రమాదాలు. ప్రమాదాల ఫోటోల గురించి మీకెవరూ చెప్పరు, నేను చెబుతాను. శవాన్ని ఫోటో తీసేటప్పుడు ఏమీ అనిపించదు. ఇంటికొచ్చి కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి లేస్తాం. భార్య అడిగితే ఎండ దెబ్బ అని చెప్పేవాణ్ణి.

ప్లేడే నడకలు

ఆదివారం బాయికి సెలవు. దాన్ని ఇక్కడ ప్లేడే అంటారు. ఆ రోజు, ఇంకా వారంలో వీలైనప్పుడల్లా పొద్దున్నే, నేను కెమెరా మెడలో వేసుకుని నడవడానికి పోయేవాణ్ణి. దీనికి ఎవరూ నాకు పని చెప్పలేదు. శవాలు, దండలు తీసిన కళ్లను కడుక్కోవడానికి పోయేవాణ్ణనుకోండి.

క్వార్టర్ల వెనక సందులు, బొగ్గు ఏరుకునే ఆడవాళ్లు రైలు కట్ట పక్కన నడిచే బాట, గోదావరి ఇసుకను బాయిలకు మోసిన పాత రోప్‌వే స్తంభాల కింద దారి, పల్లెల నుంచి పాలు తెచ్చేవాళ్ల డొంక. అన్నీ తిరిగాను. ఇక్కడ దారిని తొవ్వ అంటాం. ఒక్కో తొవ్వకు నా నోటు పుస్తకంలో ఒక్కో పేజీ ఉండేది. అది ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ కలుస్తుంది, ఏ వేళకు వెలుతురు ఎటు నుంచి పడుతుంది అని రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తుంది. ఎవరు నడుస్తారు, ఎందుకు నడుస్తారు అన్నది ఏ పేజీలోనూ లేదు. వెలుతురు గురించి మాత్రం అంతా ఉంది.

ఆవిరి లేచిన పొద్దు

రెండు వేల తర్వాత మొదటి నాలుగైదేళ్లలో ఒక చలికాలం. మా పెద్దమ్మ కూతురు మల్లక్కను ఇచ్చిన ఊరికి పోయాను. ఆ ఊరు ఇప్పుడు లేదు, పేరు ఇక్కడ రాయను. అక్కణ్నుంచి బాయికి రెండు తొవ్వలుండేవి. ఒకటి తారు రోడ్డు, చుట్టు తిరిగి పోవాలి. రెండోది పాత బాయి పైనున్న బీడు మీదుగా అడ్డంగా పోయే కాలిబాట. మొదటి షిఫ్టు వాళ్లంతా బీడు మీదుగానే పోయేవాళ్లు. ఎందుకంటే ఆలస్యమైతే మస్టర్, అంటే హాజరు, పడదు, మస్టర్ పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే. కంపెనీ వాళ్లకూ ఆ సంగతి తెలుసు. జీపులు ఆ పక్కనుంచే పోతుండేవి.

కింద బొగ్గు తీసేసిన బాయి ఖాళీగా ఉంటే పైన భూమి కుంగుతుంది, పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోంచి గాలి లోపలికి పోతే, మిగిలిన బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకుంటుంది. ఇది మా ప్రాంతంలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. చలికాలం పొద్దున్నే నేల చీలికలోంచి తెల్లగా ఆవిరి లేస్తుందంటే కింద నిప్పుందని అర్థం. మంచు మీద నుంచి దిగుతుంది, ఇది కింద నుంచి లేస్తుంది. పైగా గాసునూనె, అంటే కిరోసిన్, వాసన వస్తుంది. ఆ వాసన గురించి మా నాయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ పొద్దున బీడు మీద తొవ్వకు అడ్డంగా ఒక చీలిక. మూరెడు కూడా లేదు, కాలు చాపి దాటొచ్చు. దాని పొడుగునా తెల్లటి ఆవిరి తెరలా లేచి నిలబడింది. వెనక నుంచి ఎండ పడుతోంది. కూర్చుని ఫోకస్ పెట్టుకున్నాను. ఆవిరిలోంచి ఒక మనిషి వస్తే బాగుండు అనుకున్నాను. టిఫిన్ డబ్బా చేత పట్టుకుని మా బావ ఓదెలు వచ్చాడు. ఓదెలు మల్లక్క భర్త.

"ఏంది సమ్మయ్యా, పొద్దు పొద్దుగాల్నే దుకాణం ఈడ పెట్టినవ్?"

"బావా, జర మల్లోపాలి నడువవా? గా ఆవిరిలకెల్లి రావాలె."

"మస్టర్ తప్పితే నువ్వేయిస్తవా?" అని నవ్వి, వెనక్కి పోయి మళ్లీ నడిచి వచ్చాడు. ఆ సారి కళ్లు మూసుకున్నాడు. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి కూడా నడిచాడు, అదీ కుదరలేదు. మూడోసారి చీలిక దాటేటప్పుడు ఆగి పాదం నేలకు ఆనించి చూసుకున్నాడు.

"కాళ్లకు వెచ్చగున్నది బామ్మర్దీ. చలికి హాయిగనే ఉన్నది గని, మంచిది కాదిది. కింద అంటుకున్నది."

"చెప్పలేదా మీ సార్లకు?"

"చెప్పినం. ఇసుక నింపుతమన్నరు. ఒక బోర్డు పెట్టిండ్రు. అది గాలికి పడ్డది. గంతే."

ఆయన ఈ మాట అంటున్నప్పుడు నా కన్ను కెమెరాకే ఉంది. మాట చెవిన పడింది. "బావా, టిఫిన్ ఈ చేతికి మార్చుకో" అన్నాను. ఆయన మార్చుకుని, నా వైపు చూసి నవ్వాడు. అప్పుడు మీట నొక్కాను. అదే మంచి ఫ్రేము.

ఉదయపు మంచు

ఆ నెగెటివ్‌లో కింది భాగాన కాలిబాట స్పష్టంగా ఉంది. చీలిక తొవ్వను ఎక్కడ దాటుతుందో ఉంది. పక్కన, రెండు కర్రలతో సహా బోర్లా పడిన బోర్డు తుప్పు పట్టి ఉంది. చుట్టూ ఎక్కడా కంచె లేదు. ఎన్‌లార్జర్ కింద పెట్టగానే నా చెయ్యి ఎప్పటిలాగే పెన్సిల్ గీత దగ్గరికి పోయింది. మూడు వేళ్లు కోసేశాను. తొవ్వ పోయింది, చీలిక పోయింది, బోర్డు పోయింది. తెల్లటి తెరలోంచి నవ్వుతూ వచ్చే మనిషి ఒక్కడే మిగిలాడు. వెనక "ఉదయపు మంచు" అని రాశాను. అది మంచు కాదని నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆఫీసర్ల క్లబ్బులో ఫోటోల ప్రదర్శన పెడితే అది ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. చూసినవాళ్లలో సగం మంది గనుల చదువు చదివినవాళ్లే. ఒక్కరైనా "ఇది ఆవిరి కదా, ఎక్కడిది?" అని అడగలేదు. ఆ బాయి సేఫ్టీ చూసే ఆఫీసరు దాన్ని అడిగి తీసుకుని తన గదిలో తగిలించుకున్నాడు. నాకు గర్వంగా ఉండింది.

ఎర్ర రంగు

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం స్టూడియో ముందు కంపెనీ జీపు ఆగింది. ప్రమాదం, కెమెరా తెమ్మన్నారు. దారిలో డ్రైవరు చెప్పాడు. "బీడు మీద భూమి దిగబడ్డదట అన్నా. మొదటి షిఫ్టుకు పోతున్నాయనట. ఓదెలట."

అక్కడికి చేరేసరికి చీలిక ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. దాంట్లోంచి పొగ వస్తోంది. లోపలికి తాళ్లు వేసి రెస్క్యూ వాళ్లు దిగుతున్నారు. టిఫిన్ డబ్బా గొయ్యి అంచున మూత ఊడకుండా పడి ఉంది. మధ్యాహ్నానికి గాని ఆయన్ని పైకి తీయలేకపోయారు. తీసిన తర్వాత నేను ఫోటో తీసింది ఏమిటో ఇక్కడ రాయను.

అంతకు ముందే ఒక పని జరిగింది. గొయ్యి చుట్టూ నాలుగు కొత్త కర్రలు, వాటికి తీగ, దానికి ఒక బోర్డు. "ప్రమాదం. ఇటు నడవరాదు." అని ఎర్ర అక్షరాలు. సేఫ్టీ ఆఫీసరు నా దగ్గరికి వచ్చాడు.

"సమ్మయ్యా, ముందు కంచె తీయి. అటువైపు నుంచి. కంచె, వెనకాల గొయ్యి. అక్షరాలు చదివేటట్టు రావాలి."

ఎండ బోర్డు మీద మెరుస్తోందని చెయ్యి వేసి కొంచెం తిప్పాను. అరచేతికి ఎర్ర రంగు అంటింది. ఇంకా తడి ఆరలేదు. నేను చెయ్యి చూసుకున్నాను, ఆయనా నా చెయ్యి చూశాడు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.

"తుడుచుకో" అన్నాడు మెల్లగా.

తుడుచుకున్నాను. ఆ తర్వాత, కర్రల మొదట్లో తవ్విన పచ్చి మట్టి కనిపించకుండా చూసుకుని మూడు ఫోటోలు తీశాను. ఆ మట్టిని దాచమని ఎవరూ నాకు చెప్పలేదు. నా చేతికి అలవాటైన పనే అది. కింద మూడు వేళ్లు వదిలేశాను.

ఆ ఆఫీసరు దుర్మార్గుడు కాదు. మా నాయన దవాఖానలో ఉన్నప్పుడు వచ్చి చూసిపోయిన మనిషి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మిమ్మల్ని చెడ్డపని చేయమని అడిగేవాళ్లు మీసాలు మెలేసుకుని రారు. మర్యాదగా అడుగుతారు, రుమాలు కూడా ఇస్తారు.

విచారణలో నా ఫోటోలు బల్లమీద పెట్టారు. ఓదెలు వెనకే నడిచిన ఇద్దరు కార్మికులు, ఆ రోజు కంచె లేదని చెప్పబోయారు. "అంటే నిషేధించిన దారిలో మీరూ నడుస్తున్నారన్నమాట" అని అడిగారట. ఆ తర్వాత వాళ్లు నోరు తెరవలేదు. "ఫోటో అబద్ధం చెప్పదు కదా" అన్నారట చివరికి. రిపోర్టులో ఒక వాక్యం పడింది. మృతుడు కంచె దాటి నిషేధిత స్థలంలోకి వెళ్లినందున ప్రమాదం జరిగింది.

ఫోటో అబద్ధం చెప్పదన్న మాట మీరూ వింటారు. నమ్మకండి. కెమెరా వెనక నిలబడ్డవాడు ఏం చెప్పమంటే అదే చెబుతుంది.

"దొరికిందా తమ్మీ?"

నెల మాసికం అయిన తర్వాత మల్లక్క స్టూడియోకు వచ్చింది. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"తమ్మీ, మీ బావను తొవ్వ మీద ఫోటో దించినవట గదా. ఇంటికొచ్చి చెప్పిండు. అండ్ల కంచె లేకుండె గదా?"

నేను చేతిలో ఉన్న లెన్సు తుడవడం మొదలుపెట్టాను.

"కంచె దునికి సచ్చిండని రాసిండ్రు. ఊళ్లె గదే అంటున్నరు. తాగి పోయిండని ఒకడు, తెలివి లేక పోయిండని ఒకడు. పిల్లలను బడిల గూడ అంటున్నరు. నాకు ఇంకేం వద్దు తమ్మీ. గా మాట తీసెయ్యాలె. నీ ఫోటో ఇస్తే పోయి చూపెడ్త."

ఆమె అడిగింది అంతే. నెగెటివ్ నా వెనక బీరువాలో, రేకు డబ్బాలో, వెన్న కాగితం కవర్లో ఉంది. కవరు మీద నా చేత్తో రాసిన తారీఖు, తొవ్వ పేరు ఉన్నాయి. అది ఇస్తే కంపెనీ పని పోతుంది. అంతకంటే ముందు, కొత్త కంచెను పాత కంచెలా చూపించింది నేనేనని అందరికీ తెలుస్తుంది.

"నెగెటివ్ యాడనో కలిసిపోయిందక్కా, దొరుకుతలేదు" అన్నాను.

"వెతుకు తమ్మీ. దొరుకుతదేమో" అని వెళ్లిపోయింది.

ఏడాదికి మళ్లీ వచ్చింది. ఓదెలు బావ పోయిన రోజు దగ్గరికి రాగానే ప్రతి సంవత్సరం వచ్చేది. గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అడిగేది. "దొరికిందా తమ్మీ?" లేదక్కా అనేవాణ్ణి. కోప్పడేది కాదు. మంచిదే అని పోయేది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఓపెన్‌కాస్ట్ కోసం ఊరిని ఖాళీ చేయించారు, ఆమె సెంటినరీ కాలనీ దగ్గర కిరాయి ఇంటికి మారింది. బీడు, తొవ్వ, పాత బాయి, అంతా తవ్వుకుపోయారు. ఆ ఇంటి నుంచి బస్సెక్కి వచ్చి మరీ అడిగేది.

ఈ లోపల డిజిటల్ వచ్చింది. కంపెనీ వాళ్లే కెమెరాలు కొనుక్కున్నారు, నా పని తగ్గింది. సేఫ్టీ ఆఫీసరు రిటైరై వాళ్ల ఊరికి పోయాడు. పోయేముందు "ఉదయపు మంచు" నాకు తిరిగి ఇచ్చేశాడు.

తెలంగాణ వచ్చిన రోజు చౌరస్తా అంతా గులాబీ రంగు. డప్పులు, పటాకులు, ఒకరినొకరు కౌగిలించుకోవడం. జనం మధ్యలోకి దూరి మరీ ఫోటోలు తీస్తున్నాను. గుంపులోంచి మల్లక్క వచ్చింది. జుట్టు నిండా రంగు, మొహం మీద నవ్వు. ఆమె నవ్వడం పదేళ్ల తర్వాత చూశాను. నా చెవి దగ్గరికి వంగి, డప్పుల చప్పుడు మించి అడిగింది.

"రాష్ట్రం గూడ దొరికింది తమ్మీ. మనది దొరికిందా?"

నేను కెమెరా దించాను. "దొరికిందక్కా" అన్నాను.

మీరు దీన్ని ధైర్యం అనుకోవద్దు. నాకు ధైర్యం రాలేదు. భయపెట్టేవాళ్లు పోయారు, పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. అంతే తేడా.

స్థలం లేదు

మర్నాడు డార్క్‌రూమ్ తుడిచి ఎన్‌లార్జర్ దించాను. చెక్క మీద పెన్సిల్ గీత అలాగే ఉంది. ఆ గీత మీద చెయ్యి పెట్టకుండా ఫ్రేము మొత్తం అంచు నుంచి అంచుకు ప్రింటు వేశాను. ఫోటో కడిగే మందులో కాగితం నానుతుంటే బావ మొహం కంటే ముందు కింద బోర్డు నల్లగా తేలింది.

మల్లక్కను తీసుకుని కంపెనీ ఆఫీసుకు పోయాను. ప్రింటు, నెగెటివ్ కవరు, నా చేత్తో రాసిన కాగితం ఒకటి పట్టుకెళ్లాను. కంచె ప్రమాదం తర్వాత వేసిందని, బోర్డు రంగు నా చేతికి అంటిందని, తెలిసే ఫోటో తీశానని ఆ కాగితంలో రాశాను. అక్కడున్నది కొత్త ఆఫీసరు, చిన్నవాడు, మర్యాదస్తుడు. అంతా చదివాడు. ఫోటో చాలాసేపు చూశాడు. ఫైలు ఎప్పుడో మూసేశారని, అప్పటివాళ్లెవరూ లేరని చెప్పాడు.

"చూసి నిర్ధారించుకుందామన్నా ఇప్పుడు ఆ స్థలమే లేదు కదమ్మా" అన్నాడు.

మల్లక్క ఆయన వైపు చూసింది. "జాగ లేకపాయె సార్. మరి మాట ఎట్లున్నది?"

ఆయన చాయ్ తెప్పించాడు. ఆమె తాగలేదు. నా కాగితం తీసుకుని ముద్ర వేసి పెట్టుకున్నాడు. ఇంతవరకు దాని మీద ఏ కబురూ లేదు. రిపోర్టులో ఆ వాక్యం అలాగే ఉంది.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. లోపల దాచుకున్న మాట ఇంక ఆపుకోలేకపోయాను.

"అక్కా, బావను ఆ చీలిక మీద మూడుసార్లు నడిపిచ్చిన నేను. ఫోటో కోసం. కింద అంటుకున్నదని చెప్తుంటే ఇనలే."

"ఎరుకే" అంది. "ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు. మూడుసార్లు నడిపిచ్చిండే మీ తమ్ముడు, మస్టర్ తప్పేది అని నవ్విండు."

"మరి ఇన్నేండ్లు నన్నొక్క మాట అనకపోతివి."

"అంటే నువ్వు ఫోటో ఇయ్యవని" అంది.

ఆమె బస్సెక్కింది. నాకు ఆ రోజు ఎక్కబుద్ధి కాలేదు. ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

దండ లేని ఫోటో

వారం తర్వాత కబురు పెట్టింది. గోడకు తగిలించడానికి బావ ఫోటో పెద్దది చేసి తెమ్మంది. పోయినవాళ్ల ఫోటో అంటే మొహం ఒక్కటే పెద్దది చేసి, కోటు అతికించి, వెనక నీలి రంగు వేయడం మా పనిలో ఆనవాయితీ. ఓదెలు బావ గేటుపాసు మీద ఫోటో నుంచి అలాంటిది చేస్తానన్నాను. వద్దంది. తొవ్వ ఫోటోనే కావాలంది. ఏమీ కోయొద్దంది.

గుమ్మం ఎంత వెడల్పో దాదాపు అంత పెద్దది చేయించి ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. ఎదురింటామె బంతిపూల దండ పట్టుకొచ్చింది. మేకుకు తగిలించబోతే మల్లక్క చెయ్యి పట్టుకుంది.

"దండ ఎయ్యకు. ఏస్తే కింద బోర్డు కనవడది."

ఆ దండను ఫ్రేము కింద నేల మీద పెట్టారు. ఇప్పటికీ ఆ ఫోటోకు దండ లేదు.

మీరు ఊరంతా తిరగండి, గుట్టలెక్కండి, తొవ్వలన్నీ తీయండి. ఒక్క పని చేయండి. ప్రింటు వేసేముందు, అదే మీ ఫోన్లో కోసేముందు, కింది అంచున ఏముందో కాసేపు చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం. మంచు సంగతి మాత్రం నన్ను అడగకండి.

నేను అప్పుడప్పుడు మల్లక్క ఇంటికి పోతుంటాను. కొత్తవాళ్లెవరైనా వచ్చి, గోడ మీద ఎవరు, మీ ఆయనా అని అడిగితే ఆమె లేచి ఫోటో దగ్గరికి పోతుంది. ముందు ఆయన మొహం చూపించదు. కింద మూడు వేళ్ల జాగా మీద వేలు పెట్టి, "ఇగో, ఇది తొవ్వ" అని అక్కణ్నుంచి మొదలుపెడుతుంది.